ఊపిరి నుండి కండ దాకా: కోలుకోవడాన్ని కొలిచిన కథ

జబ్బు తగ్గడం వేరు, మనిషి తేరుకోవడం వేరు. ఈ భేదం మన పెద్దలకు బాగా తెలుసు. జ్వరం విడిచిన మనిషికి పథ్యం పెట్టి, కొన్నాళ్ళపాటు బరువు పనులు చెప్పకుండా చూసుకోవడం మన ఇళ్ళలో అనాదిగా ఉన్న ఆచారమే. ఐతే తేరుకోవడమంటే శరీరంలో సరిగా ఏమి జరగాలి? అది జరిగిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవడానికి శాస్త్రజ్ఞులకు నూట డెబ్బై ఏండ్లకు పైగా పట్టింది. కోవిడు వ్యాధి ఆ ప్రశ్నలను తెచ్చి మళ్ళీ మన గడపలో నిలబెట్టింది.

తెలంగాణలో తొలి కోవిడు రోగిని 2020 మార్చి 2వ తేదీన గుర్తించి, సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో చికిత్స చేశారు. ఆ నెల 25 నుండి దేశంలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయినవి. 2008 మార్చిలో తెరిచిన శంషాబాదు విమానాశ్రయం పన్నెండేండ్లకు బోసిపోయింది. మే 9న కువైటు నుండి మనవారిని తీసుకొని తొలి ప్రత్యేక విమానం అక్కడ దిగింది. మే 25న దేశీయ విమానాలు తిరిగి మొదలైనవి.

విమానాలు లేచినవి, సరే. మనుషులందరూ అట్లా లేవగలిగారా? విమానాశ్రయాన్ని ఆశ్రయించి బతికేవారు వేలమంది ఉన్నారు. సామానులెత్తేవారు, టాక్సీ నడిపేవారు, గిడ్డంగులలో మూటలు మోసేవారు, నేల తుడిచేవారు. వీరందరికీ కండబలమే పెట్టుబడి. మాటవరుసకు అటువంటివారిలో ఒకరిని తలచుకుందాం. కోవిడు సోకి రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. పరీక్షలో వ్యాధి లేదని తేలి ఇంటికి వచ్చాడు. మూడు నెలలు గడిచినా ఇరవై కిలోల పెట్టె ఎత్తితే రొప్పు వస్తున్నది. మెట్లెక్కితే తొడలు వణుకుతున్నవి. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉన్నదన్నారు. పనిచోట మేస్త్రీ సోమరితనమంటాడు. ఇంటివారు బెంగ పెట్టుకున్నావంటారు. ఇంతకూ ఇతని లోపం ఎక్కడున్నది? ఊపిరితిత్తులలోనా, కండరాలలోనా, మనసులోనా? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకకపోతే ఒక కుటుంబం కూడు పోతుంది. కనుక ఇది కేవలం పుస్తకాల ప్రశ్న కాదు.

ప్రాణవాయువు ప్రయాణం

మనం ఆక్సిజన్ అని పిలుచుకునే ప్రాణవాయువు గాలిలో నుండి కండరానికి చేరే దారిని ముందు చూద్దాం. శంషాబాదులో దిగిన ప్రయాణికుని దారితో దీనిని పోల్చుకోవచ్చు. విమానం దిగడం ఒక ఘట్టం. తనిఖీలు దాటి వాకిలి బయటికి రావడం రెండవ ఘట్టం. బస్సెక్కి ఆరాంఘర్ చేరి, అక్కడి నుండి 11.6 కిలోమీటర్ల పొడవున్న పి.వి. నరసింహారావు వంతెనదారి మీదుగా మెహదీపట్నం పోవడం మూడవది. బస్సు దిగి తన ఇంటి తలుపు తట్టడం నాలుగవది. విమానాలు వేళకు దిగుతున్నంతమాత్రాన ప్రయాణికులందరూ ఇల్లు చేరినట్లు కాదు.

ఊపిరితిత్తులలోనికి గాలి రావడం విమానం దిగడం వంటిది. ఊపిరితిత్తులలో కోట్లకొలది వాయుగోణులు ఉన్నవి. వాటి పలుచని గోడను దాటి ప్రాణవాయువు రక్తంలో చేరుతుంది. ఆ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడా ఉండదు. ఇది వాకిలి దాటడం. తరువాత ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్ అనే బస్సు ఎక్కి, గుండె తోయగా, ధమనుల వెంట పోతుంది. చివరకు కేశనాళికలలో బస్సు దిగి, కండర కణంలోని మైటోకాండ్రియా అనే ఇంటికి చేరుతుంది. వంట జరిగేది అక్కడే. ఈ నాలుగు ఘట్టాలలో ఎక్కడ అడ్డు తగిలినా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే: ఆయాసం, నీరసం. అందువల్లనే ఏ అడ్డు ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క కొలత కావలసివచ్చింది.

ఊపిరిని కొలిచినవారు

మొదటి ఘట్టాన్ని కొలిచినవాడు లండనులోని జాన్ హచిన్సన్ అనే వైద్యుడు. నీటిలో బోర్లించిన గంటలోనికి మనిషిచేత గట్టిగా ఊదించి, ఆ గంట ఎంత పైకి లేచిందో చూసి, వదిలిన గాలి ఎంతో లెక్కగట్టే శ్వాసమాపకాన్ని అతడు తయారుచేశాడు. తన ఫలితాలను 1846లో ప్రకటించాడు. నిండా పీల్చి, పూర్తిగా వదలగలిగిన గాలి పరిమాణానికి వైటల్ కెపాసిటీ, అనగా ప్రాణధారణ సామర్థ్యం, అనే పేరు పెట్టినవాడు ఆయనే. నావికులు, పోలీసులు, మల్లయోధులు, బీదసాదలు, పెద్దమనుషులు మొదలైన రెండువేల మందికి పైగా ఊదించి చూశాడు. ఈ సామర్థ్యం మనిషి బరువును బట్టి కాక ముఖ్యంగా ఎత్తును బట్టి పెరుగుతుందని తేల్చాడు. క్షయరోగుల విషయంలో, చెవికి ఇంకా ఏమీ వినిపించని దశలోనే, ఈ పరికరం లోపాన్ని పట్టి ఇవ్వగలదని చెప్పాడు. నేటి ఆసుపత్రులలోని విద్యుత్ శ్వాసమాపకాలు ఆ నీటిగంటకు మనుమలే.

కాని వదిలిన గాలిని కొలిస్తే విమానం దిగిన సంగతి తెలుస్తుందే గాని, వాకిలి దాటిన సంగతి తెలియదు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో దీనిమీద గొప్ప వివాదం నడిచింది. ఊపిరితిత్తులు ఒక గ్రంథి వలె పనిచేసి ప్రాణవాయువును రక్తంలోనికి స్రవింపజేస్తవని కొందరు పెద్ద శాస్త్రజ్ఞులు నమ్మారు. డెన్మార్కులోని ఆగస్ట్ క్రోగ్, ఆయన భార్య వైద్యురాలు మేరీ క్రోగ్ కలిసి ఆ నమ్మకాన్ని తోసివేశారు. ఎక్కువ పీడనం ఉన్నచోటి నుండి తక్కువ పీడనం ఉన్నచోటికి వాయువు దానంతట అదే వ్యాపించే విసరణ ఒక్కటే చాలునని 1910లో నిరూపించారు. తరువాత మేరీ క్రోగ్ ఆ విసరణను కొలిచే ఉపాయం కనిపెట్టి 1915లో ప్రకటించింది. అతి స్వల్పంగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని ఒక్క గుక్క పీల్పించి, కొన్ని క్షణాలు బిగబట్టించి, వదిలిన గాలిలో అది ఎంత తగ్గిందో చూడడమే ఆ పద్ధతి. హీమోగ్లోబిన్ ఆ వాయువును గట్టిగా పట్టుకుంటుంది. కనుక తగ్గినంత మేర గోడ దాటి పోయినట్లే. ఆగస్ట్ క్రోగ్ దారి రెండవ కొసను పట్టుకున్నాడు. కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు దానిలోని కేశనాళికలు చాలావరకు మూసుకొని ఉండి, పనిచేసేటప్పుడు తెరుచుకుంటవని చూపి, 1920లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒకే ఇంట్లో భార్య ఊపిరితిత్తుల కొసను, భర్త కండరాల కొసను కొలవడం శాస్త్ర చరిత్రలో ఒక ముచ్చట.

గాలిలోనికి లేచినవారు నేర్పిన పాఠం

ఊపిరికి, కండకు గల సంబంధాన్ని అందరికంటె ముందు కఠినంగా నేర్చుకున్నవారు ఆకాశయానం చేసినవారు. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో జెనిత్ అనే బెలూనులో ముగ్గురు పైకి లేచారు. ప్రాణవాయువు నింపిన సంచులు వెంట తీసుకుపోయారు. ఎనిమిదివేల మీటర్ల ఎత్తుకు చేరేసరికి వాటిని నోటికి అందుకోవడానికి చేతులు లేవలేదు. ఇద్దరు మరణించారు, టిసాండియే అనే అతడు బతికి వచ్చి జరిగినది వ్రాశాడు. తనకు బాధ ఏమీ తోచలేదని, పైగా లోలోపల ఒక విధమైన సంతోషం కలిగిందని, చేయి కదపబోతే కదలలేదని చెప్పాడు. ప్రాణవాయువు కొరవడినప్పుడు మనసు పసిగట్టకముందే కండ చచ్చుబడుతుందన్నమాట. కోవిడు రోగులలో కొందరు, రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా తగ్గినా, ఆయాసమే లేకుండా మాట్లాడుతూ కూర్చోవడం వైద్యులను నివ్వెరపరచింది. టిసాండియే వ్రాత చదివినవారికి అది అంత వింతగా తోచదు.

దీని వెనుక ఉన్న లెక్క విద్యార్థులు చేయగలిగినదే. సముద్రమట్టంలో గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. అంటే దాని పాక్షిక పీడనం సుమారు 160. శంషాబాదు విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పీడనం సుమారు 706, ప్రాణవాయువు వాటా సుమారు 148. విమానం పదివేల మీటర్ల పైన ఎగిరినా, లోపలి పీడనం 2,400 మీటర్ల ఎత్తులో ఉండేదానికి తగ్గకుండా చూస్తారు. అక్కడ వాటా సుమారు 118. సముద్రమట్టంలో నూటికి 15 పాళ్ళే ప్రాణవాయువు గల గాలి పీల్చినట్లే ఇది. ఆరోగ్యవంతునికి దీనివల్ల ఇబ్బంది లేదు. వాయుగోణుల గోడ దెబ్బతిన్నవానికి మాత్రం ఇది పరీక్షే. అందుకే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, విమానం ఎక్కకముందే, 15 పాళ్ళ గాలిని పీల్పించి చూసే పద్ధతి వైద్యంలో ఉన్నది.

2020, 2021 సంవత్సరాలలో మన వీధి చివర మందుల దుకాణంలో కూడా దొరకనంత గిరాకీ వచ్చిన ఆక్సీమీటరు సైతం ఆకాశయానంతో ముడిపడినదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, ఎత్తున ఎగిరే విమానచోదకుల రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో చూడడానికి గ్లెన్ మిల్లికన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చెవి తమ్మెకు తగిలించే పరికరం తయారుచేసి, దానికి ఆ పేరు పెట్టాడు. ప్రాణవాయువుతో నిండిన రక్తం ఎర్రగా, లేని రక్తం నల్లగా ఉంటుంది గదా. ఆ రంగుల తేడాను వెలుతురుతో చదవడమే దాని కీలకం. నాడి కొట్టుకునేటప్పుడు మారే భాగాన్ని మాత్రమే వేరుచేసి లెక్కిస్తే, చర్మం, మాంసం అడ్డురావని జపానులో టకువో ఆయోగి గ్రహించాడు. 1974లో ఆ పద్ధతిని ప్రకటించాడు. ఆయన 2020 ఏప్రిల్ 18న, లోకమంతా ఆ పరికరం కోసం వెతుక్కుంటున్న రోజులలో, కన్నుమూశాడు. చర్మం నల్లనైనవారిలో ఈ పరికరం ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతుందని 2020 డిసెంబరులో ఒక పరిశీలన హెచ్చరించింది. మనవంటివారు గుర్తుంచుకోదగిన సంగతి అది.

ఐతే ఆక్సీమీటరు చెప్పేది ఏమిటి? బస్సులు నిండుగా బయలుదేరినవని మాత్రమే. ప్రయాణికులు ఇంటి దగ్గర దిగారా, ఇంట్లో పొయ్యి వెలిగిందా అన్నది అది చెప్పలేదు.

కండలో పొయ్యి

కండరం ఏ ఇంధనంతో పనిచేస్తుంది? ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో లాక్టిక్ ఆమ్లం మీద అందరి చూపు ఉండేది. ప్రాణవాయువు చాలనప్పుడు కండరంలో ఈ ఆమ్లం పెరుగుతుందని, ప్రాణవాయువు అందితే తగ్గుతుందని 1907లో ఇంగ్లండులో ఫ్లెచర్, హాప్కిన్స్ చూపారు. కండరం పనిచేసేటప్పుడు పుట్టే వేడిని కొలిచిన ఎ.వి. హిల్‌కు, లాక్టిక్ ఆమ్లపు లెక్కలు తేల్చిన మేయర్‌హాఫ్‌కు కలిపి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. కండరపు కదలికకు ఈ ఆమ్లమే కారణమనే అభిప్రాయం అప్పుడు పాతుకుపోయింది.

దానిని కదిలించినవారిలో మన తెలుగువాడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. అక్కడ హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పనిచేశాడు. రక్తంలోను, కండలోను ఉన్న ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో వారిద్దరూ ప్రకటించారు. ఆ కొలతలు కండరం మీద చేస్తూ ఉండగా ఒక విచిత్రం కనబడింది. వేచి ఉన్నకొద్దీ ఆ రంగు ఎదురుచూసినదానికి భిన్నంగా పెరుగుతూ పోయింది. ఏదో అస్థిరమైన పదార్థం విడిపోయి ఫాస్ఫేటును వదులుతున్నదన్నమాట. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తరిగిపోతుందని, విశ్రాంతి ఇస్తే తిరిగి కూడుకుంటుందని వారు 1927లో తెలిపారు. 1929లో కండరంలో అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్ ఉన్నదని వారు ఒకవైపు, జర్మనీలో లోమన్ మరొకవైపు విడివిడిగా కనుగొన్నారు. ఎ.టి.పి. అని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా పలికే పదార్థం అదే.

మరుక్షణపు ఖర్చుకు చేతిలో ఉన్న చిల్లర ఎ.టి.పి.; జేబులో ఉన్న నోటు ఫాస్ఫోక్రియాటిన్. ఈ రెండూ క్షణాలలో ఖర్చవుతవి. వాటిని తిరిగి నింపే పని చాలావరకు మైటోకాండ్రియాది; దానికి ప్రాణవాయువు కావాలి. కాబట్టి పని ఆపిన తరువాత ఫాస్ఫోక్రియాటిన్ ఎంత త్వరగా తిరిగి నిండుతుందో చూస్తే, ఆ కండలో పొయ్యి ఎంత బాగా మండుతున్నదో తెలిసిపోతుంది. కండను కోయకుండానే, అయస్కాంత అనునాద పద్ధతితో ఈ వేగాన్ని కొలవడం 1980 దశకంలో వృద్ధిపొందింది. భీమవరం యువకుడు నీలిరంగుతో మొదలుపెట్టిన లెక్క ఈనాటికీ రోగి మంచం పక్కన ఉపయోగపడుతున్నది.

పడకలో పోయిన బలం

మళ్ళీ మన సామానులెత్తే కార్మికుని వద్దకు వద్దాం. అతడు రెండు వారాలు మంచం మీద ఉన్నాడు. విశ్రాంతి మందువంటిదని మనం నమ్ముతాం. ఊపిరితిత్తుల రోగాల విషయంలో ఈ నమ్మకం చాలాకాలం చెల్లింది. క్షయకు మందులేని రోజులలో మంచిగాలి, మంచి ఆహారం, విశ్రాంతి ఇవే చికిత్స. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన చికిత్సాలయం, వికారాబాదు వద్ద అనంతగిరి కొండలమీది చికిత్సాలయం ఆ భావంతో వెలసినవే. ఐతే ఆ యుగంలోనే వేరుగా ఆలోచించినవారు కూడా లేకపోలేదు. ఇంగ్లండులో ఫ్రిమ్‌లీ చికిత్సాలయంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు 1905 నుండి రోగులకు నడక, తరువాత చిన్న బుట్టలు మోయడం, తరువాత పార పని, ఇట్లా మెట్టుమెట్టుగా శ్రమ చెప్పాడు. ఇంటికి పోయిన మనిషి పనికి పోలేకపోతే చికిత్స పూర్తికాలేదని ఆయన వాదం.

1959లో మద్రాసు నుండి వెలువడిన ఒక పరిశీలన ఈ వాదానికి మరొక వైపు నుండి బలం ఇచ్చింది. కొందరు క్షయరోగులను చికిత్సాలయంలో విశ్రాంతిగా ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, ఇరువురికీ అవే మందులు ఒక ఏడాది ఇచ్చారు. ఇంటి దగ్గరివారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. ఐనా వారు ఇంచుమించు అంత బాగానే కోలుకున్నారు. మందు ఉన్నప్పుడు మంచం అవసరం అంతగా లేదని లోకం తెలుసుకుంది.

మంచం చేసే నష్టం ఎంతో 1966లో అమెరికాలోని డల్లాస్‌లో తేలింది. ఇరవయ్యేండ్ల ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వారి శరీరం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏండ్ల తరువాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏండ్ల వయసు తెచ్చిన నష్టంకంటె ఆనాటి మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువగా ఉన్నది! రోగం లేనివారి సంగతే ఇది. తీవ్ర చికిత్సా విభాగంలో ఉన్న రోగుల తొడ ముందరి కండరం పది రోజులలో ఆరవ వంతుకు పైగా సన్నబడుతుందని 2013లో లండను వైద్యులు చూపారు. రోగపు వేడి, కదలిక లేకపోవడం, కొన్ని మందులు కలిసి కండను తినివేస్తవి.

కోవిడు రాకముందే దీనికి నిండైన సాక్ష్యం కెనడాలోని టొరాంటో నుండి 2003లో వచ్చింది. తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యం నుండి బతికి బయటపడిన 109 మందిని అక్కడి వైద్యులు ఏడాదిపాటు వెన్నంటి చూశారు. వారి శ్వాసమాపక ఫలితాలు ఆరు నెలలకే ఇంచుమించు మామూలుకు వచ్చినవి. నడక మాత్రం రాలేదు. ఆరు నిమిషాలలో నడవగలిగిన దూరం మూడు నెలలప్పుడు 281 మీటర్లు. ఏడాదికి 422 మీటర్లు. ఆ వయసువారికి ఉండవలసినదానిలో అది మూడింట రెండు పాళ్ళే. కారణం ముఖ్యంగా కండరాల క్షీణత, బలహీనత. ఊపిరి ముందు వచ్చింది, కండ వెనుకబడింది.

కోవిడు తరువాత

ఈ చరిత్ర తెలిసినవారికి కోవిడు తరువాతి ఫలితాలు అర్థం కావడం సులభం. చైనాలోని వూహానులో ఆసుపత్రి నుండి ఇంటికి పోయిన 1,733 మందిని ఆరు నెలల తరువాత చూస్తే, సగానికి పైబడి అలసట లేక కండరాల బలహీనత చెప్పారు. మన తెలుగు జిల్లాల నుండి ఎందరో వైద్యానికి పోయే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 207 మందిని పరీక్షించిన ఫలితాలు 2024లో వచ్చినవి. వారిలో నూటికి 44 మందికి మేరీ క్రోగ్ కొలిచిన విసరణశక్తి తగ్గి ఉన్నది. నూటికి 35 మందికి ఊపిరితిత్తులు నిండుగా విప్పారడం లేదు. అంటే వాకిలి దగ్గరే అడ్డు ఉన్నవారు తక్కువేమీ కాదు. ఇటువంటివారిలో మామూలు ఎక్స్‌రే బాగున్నంతమాత్రాన విసరణ బాగున్నదని చెప్పడానికి వీలులేదు.

మరికొందరిలో ఊపిరితిత్తులు, గుండె నిక్షేపంగా ఉన్నవి. అటువంటి కొద్దిమందిచేత సైకిలు తొక్కిస్తూ అమెరికాలో రక్తాన్ని పరీక్షించగా, కండను దాటి తిరిగి వచ్చే రక్తంలో ప్రాణవాయువు ఉండవలసినదానికంటె ఎక్కువ మిగిలి ఉన్నది. బస్సు ఇంటిముందు ఆగింది, ప్రయాణికులు దిగలేదు. 2024 జనవరిలో నెదర్లండ్సు శాస్త్రజ్ఞులు దీర్ఘకాల కోవిడు లక్షణాలున్న 25 మందిని, కోవిడు నుండి బాగా కోలుకున్న 21 మందిని పోల్చి, తొడ కండరపు చిన్న ముక్కలను పరీక్షించారు. మొదటివారి కండలో మైటోకాండ్రియా చురుకుదనం తక్కువ. గట్టిగా శ్రమ చేయించిన తరువాత వారి కండరానికి కలిగిన దెబ్బ కూడా ఎక్కువే. వారి నీరసం కల్పన కాదని, బెంగ కాదని సూక్ష్మదర్శిని చెప్పినట్లయింది.

ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. మంచం హానికరమని తెలిసింది కదా అని, ప్రతి రోగినీ పట్టుబట్టి పరిగెత్తించకూడదు. ఎక్కువమందికి మెట్టుమెట్టుగా పెంచే నడక, శ్వాస వ్యాయామం, కాళ్ళు చేతుల బలానికి తేలిక వ్యాయామం మేలు చేస్తవి. కాని కొందరిలో నేడు చేసిన శ్రమకు రేపో ఎల్లుండో లక్షణాలు విజృంభిస్తవి. అటువంటివారు తమ శక్తి హద్దు గుర్తించి, దాని లోపల పనిని పంచుకొని చేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. వ్యాధి మొదలైన మూడు నెలల తరువాత కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం కనబడని లక్షణాలను కోవిడు అనంతర స్థితిగా ఆ సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. మన కార్మికుడు సోమరియా, రోగియా అన్న తగువుకు ఆనాటి నుండి అధికారికమైన సమాధానం ఉన్నది.

ఆరు నిమిషాల నడక

ఇన్ని కొలతలలో అన్నిటికంటె చవకైనది నడక. ఇది కూడా విమానయానం నుండి వచ్చినదే. అమెరికా పౌరవిమాన శాఖలో పనిచేసిన బాల్కే అనే వైద్యుడు 1963లో పదిహేను నిమిషాల పరుగుతో దేహదారుఢ్యాన్ని అంచనా కట్టవచ్చునన్నాడు. వైమానికదళ వైద్యుడు కూపర్ 1968లో దానిని పన్నెండు నిమిషాలు చేశాడు. 1976లో ఇంగ్లండులో ఊపిరితిత్తుల రోగులకోసం పరుగును నడకగా మార్చారు. పన్నెండు నిమిషాలు వారికి కష్టమని, ఆరు నిమిషాలైనా అంత ఉపయోగమేనని 1982లో తేలింది. ఈ నడకలో ఊపిరితిత్తులు, గుండె, రక్తం, కండ అన్నీ ఒకేసారి పరీక్షకు కూర్చుంటవి. అడ్డు ఎక్కడున్నదో ఇది చెప్పదు. అడ్డు ఉన్నదని మాత్రం దాచదు.

ఉపాధ్యాయులు ఈ రెండు కొలతలనూ ఆరోగ్యంగా ఉన్న విద్యార్థులచేత పాఠశాలలోనే చేయించవచ్చు. ఐదు లీటర్లు పట్టే సీసాకు లీటరుకొక గీత గీసి, నీటితో నింపి, నీటితొట్టిలో బోర్లించాలి. రబ్బరు గొట్టం ఒక కొసను సీసాలోనికి పోనిచ్చి, రెండవ కొస నుండి ఊదించాలి. నోటిలో పెట్టుకునే ముక్క ఎవరిది వారికే వేరుగా ఉండాలి. తరగతిలో అందరి ఎత్తులనూ అడ్డగీత మీద, వదిలిన గాలిని నిలువుగీత మీద గుర్తిస్తే, 1846లో హచిన్సన్ చూసిన వాలు మీ కాగితం మీదనే కనబడుతుంది. పాఠశాల వసారాలో 30 మీటర్లు కొలిచి, రెండు కొసలా రెండు ఇటుకలు పెట్టి, ఆరు నిమిషాలు పరుగెత్తకుండా వేగంగా నడిపించాలి. ఆరోగ్యవంతులు సాధారణంగా 400 నుండి 700 మీటర్ల దాకా నడుస్తారు. నడకకు ముందు, తరువాత నాడిని లెక్కించి వ్రాసుకోవాలి.

ఈమధ్య జబ్బుపడి లేచినవారిని ఈ పరీక్షకు దింపకూడదు. వారి సంగతి వైద్యుడు చూడాలి. కాని ఈ పాఠం నేర్చుకున్న విద్యార్థి ఇంట్లో ఎవరైనా జ్వరం విడిచి నెలలు గడిచినా మెట్లెక్కలేక కూర్చుంటే, వారిని సోమరి అనడు. ఎంత దూరం నడవగలిగారు, నిరుటికంటె ఎంత తగ్గింది, మరునాడు ఎట్లా ఉన్నది అని అడిగి, కాగితం మీద వ్రాసి వైద్యుని వద్దకు తీసుకుపోతాడు. ఎక్స్‌రే చూపని సంగతిని ఆ కాగితం చూపవచ్చు.